ప్రో టెమ్ చదివిన బాబాయి

మా బాబాయి స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. హెడ్మాస్టరు ఉన్నట్టుండి పోతే, కమిటీ కార్యదర్శి బాబాయిని పిలిచి, "ప్రస్తుతానికి మీరు చూసుకోండి మాస్టారూ, పర్మనెంటు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ కార్యదర్శి లాయరు. వట్టి తెలుగులో చెబితే నామోషీ కాబోలు, హెడ్మాస్టర్ 'ప్రో టెమ్' అని హోదా పెట్టాడు. కొత్త స్పీకర్ వచ్చేదాకా సభ నడిపే పెద్దాయన్ని ప్రొటెం స్పీకర్ అంటారే, ఆ ముక్కే. లాటిన్‌లో 'ప్రస్తుతానికి' అని అర్థం.

తలుపు మీది బోర్డు రాసిన పెయింటరుకి ఇదంతా ఏం తెలుసు? అదేదో డిగ్రీ అనుకున్నాడు. బాబాయి పేరు పక్కన బి.ఎస్సీ., బి.ఇడి. తర్వాత కామా పెట్టి మరీ 'ప్రో టెమ్' అని దిద్దాడు. ఇక మా పిన్ని ఆగుతుందా? "మా ఆయన ప్రో టెమ్ కూడా చదివారు, ఇక్కడ ఇంకెవరికీ లేదు" అని ఇరుగుపొరుగంతా టాంటాం వేసింది. బాబాయి కాదనలేదు. పర్మనెంటు అయ్యాక బోర్డు ఎలాగూ మారుతుంది కదా అనుకున్నాడు, పిచ్చి మనిషి.

ఆ ఆశ మీదే బతికాడు. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోకుండా పక్కన చెక్క కుర్చీ వేసుకున్నాడు. కప్పు కారితే బకెట్లు పెట్టాడు, మాస్టర్ల తగాదాలు తీర్చాడు, కార్యదర్శి మనవడు ఫెయిలయితే తిట్లు తిన్నాడు. అడిగినప్పుడల్లా కమిటీవాళ్లు "మిమ్మల్ని కాదని ఎవర్ని వేస్తాం మాస్టారూ" అనేవారు. ఆయన్నీ వేయలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. "తలాడించడం తప్ప నీకు నోరు లేదా బాబాయ్?" అంటే నవ్వి ఊరుకునేవాడు.

అలాగే రిటైరయ్యాడు. సన్మాన సభలో దండ వేశాక కార్యదర్శి మైకు అందుకున్నాడు. "ఇన్నేళ్లుగా ఖాళీగా ఉన్న హెడ్మాస్టరు కుర్చీని వచ్చే వారం భర్తీ చేస్తున్నామని చెప్పడానికి సంతోషిస్తున్నాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి కూడా కొట్టాడు.

ఊడదీసిన బోర్డును ఇంటికి తెస్తే పిన్ని దాన్ని చీరకొంగుతో తుడిచి, హాల్లో మేకుకి తగిలించబోయింది.

"వద్దులే. అది చదువు కాదే," అన్నాడు బాబాయి. "ప్రో టెమ్ అంటే ప్రస్తుతానికి అని."

పిన్ని ముఖం పాలిపోయింది. "అంటే, ఇన్నాళ్లూ మిమ్మల్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యగలిగేవాళ్లా?"

"తీసెయ్యడానికి, అసలు పెట్టుకుంటే కదే" అన్నాడు.