మెట్లు ఊడ్చిన పెళ్ళికొడుకు

కుదరబోయే పెళ్ళిని ఒక్క ఫోన్‌కాల్‌తో ఎలా కూల్చాలో నాకు బాగా తెలుసు. నేర్పమంటే ఉచితంగా నేర్పుతాను. కూల్చాక చేతిలో చీపురుతో నడి మెట్ల మీద నిలబడి, అన్న కూతురి మొహంలోకి చూడలేక తిప్పలు పడటం మాత్రం నేర్పితే వచ్చేది కాదు. దానికి నాలాంటి పుట్టుక పుట్టాలి.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. అప్పట్లో నా నెత్తిన జుట్టుండేది. ఆ జుట్టు కింద తెలివి ఉందన్న నమ్మకమూ ఉండేది. ఇప్పుడు రెండూ లేవు.

మా అన్నయ్య పోయేనాటికి అతని కూతురు శ్రావణి ఇక్కడే, సింగపూర్‌లో స్కూల్లో చదువుతోంది. వాళ్ళ ఫ్లాట్ జురాంగ్ ఈస్ట్‌లో, మాది టోవా పాయోలో. ఆదివారం వస్తే రైలెక్కి మేం అటో, వాళ్ళు ఇటో. నాకూ మా ఆవిడ రాజ్యానికీ పిల్లల్లేరు. శ్రావణికి సైకిలు నేర్పింది నేను, లెక్కలు చెప్పబోయి చివాట్లు తిన్నదీ నేను. వన్-నార్త్ పేటలో ల్యాబ్ ఉద్యోగం వచ్చిన రోజు గేటు దాకా వెళ్ళి దింపిందీ నేనే. ఆ గేటు లోపలే పిల్లకి లార్స్ దొరికాడు. తెలిసుంటే ఇంకో గేటు దగ్గర దింపేవాణ్ణి.

లార్స్‌ది జర్మనీలో బ్రెమెన్ నగరం. విషయం బయటపడ్డాక వదిన నన్ను పిలిచి ఒకే మాట అంది.

"ప్రసాదూ, మీ అన్నయ్యుంటే ఆయన్నే అడిగేదాన్ని. పీటల మీద కూచుని కన్యాదానం చెయ్యాల్సింది నువ్వూ రాజ్యమూ. నువ్వు సరేనంటే సరే, కాదంటే కాదు. అదీ ఒప్పుకుంది."

"ఎస్ బాబాయ్, నీ మాటే ఫైనల్," అంది శ్రావణి. "బట్ ప్లీజ్, మరీ లాగకు లా!" ఆ చివరి 'లా' ఇక్కడి పిల్లల మాటకి ఉండే సింగపూర్ తోక.

ఆఫీసులో స్టేప్లర్ కొనాలన్నా ముగ్గురు సంతకం పెట్టాల్సిన మనిషిని నేను. అలాంటివాడి చేతికి ఒక పెళ్ళి మొత్తం వచ్చి పడింది. ఇక ఊరుకుంటానా?

పిల్లాణ్ణి చూపులకి పిలిచాం. అవును, పిల్లాణ్ణే. లార్స్ మా ఇంటికి చెప్పులు బయటే విడిచి వచ్చాడు, రాజ్యం చేసిన పెసరట్టు చేత్తోనే తిన్నాడు, పచ్చిమిరపకాయ కొరికి కూడా నోరెత్తలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నాకు చాలా నిరుత్సాహం వేసింది.

తినడం అయ్యాక సంచిలోంచి చిన్న కంచు బొమ్మ తీశాడు. గాడిద మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి మీద కోడిపుంజు. అతను మాట్లాడింది ఇంగ్లీషే, నేను తెలుగులో చెబుతున్నాను.

"మా ఊళ్ళో పెద్ద చర్చి ఉంది అంకుల్, దాని పక్కనే పాత టౌన్ హాలు. ఎదురుగా కత్తి పట్టుకున్న రాతి వీరుడు నిలబడి ఉంటాడు. ఆయన అలా నిలబడి ఉన్నంతకాలం మా ఊరు ఎవరికీ లొంగదని నమ్మకం. టౌన్ హాలు పక్కన ఈ బొమ్మ పెద్దది ఉంది. గాడిద ముందుకాళ్ళు పట్టుకుని కోరుకుంటే జరుగుతుందంటారు. పట్టుకోండి."

నా ఎడమచేతిలో కాఫీ కప్పుంది. కుడిచేత్తో గాడిద కాలు పట్టుకున్నాను. లార్స్ పెదవులు బిగబట్టాడు. శ్రావణి బల్లకింద అతని కాలు తొక్కింది.

"ఏమిటి నవ్వుతున్నావు బాబూ?"

"ఏం లేదంకుల్. తర్వాత చెబుతాను."

పెద్దవాళ్ళ ముందు ఇకిలించే రకం. హమ్మయ్య, ఒక వంక దొరికింది.

వెళ్ళేముందు అతను కొంచెం బెదురుగా అడిగాడు. "అంకుల్, నా ముప్ఫయ్యో పుట్టినరోజు లోపల పెళ్ళయిపోతే బావుంటుంది. వీలవుతుందా?"

"పుట్టినరోజుకి కేకు కోసుకో బాబూ. పెళ్ళికి తొందరేముంది? ఇప్పుడు మూఢం నడుస్తోంది."

మూఢం నిజంగానే నడుస్తోంది, అబద్ధమాడలేదు. అది వెళ్ళాక శూన్యమాసం వచ్చింది. అదీ వెళ్ళాక మా ఆఫీసులో ఆడిట్ అన్నాను. ఆడిట్‌కీ కన్యాదానానికీ సంబంధం ఏమిటని రాజ్యం అడిగితే, నీకు తెలియదులే అని పేపరు అడ్డం పెట్టుకున్నాను. మీకు మాత్రం నిజం చెబుతాను. నాకు భయం వేసింది. పిల్ల ఆ బ్రెమెన్ వెళ్ళిపోతే మా ఇంట్లో ఆదివారం ఏముంటుంది? రేపు ఏదైనా తేడా వస్తే అన్నయ్య ఫొటో ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? ఈ ముక్క పైకి చెప్పుకోవడం చేతకాక పంచాంగం వెనక దాక్కున్నాను.

ఇక విచారణ మొదలుపెట్టాలనుకున్నాను. సంబంధం అన్నాక ఇరుగుపొరుగుని వాకబు చేస్తాం కదా. ఇరుగూ పొరుగూ బ్రెమెన్‌లో ఉన్నారు కాబట్టి, ఒక శనివారం పొద్దున వన్-నార్త్‌లో లార్స్ ఆఫీసు సెక్యూరిటీ అంకుల్‌ని కదుపుదామని బయల్దేరాను. ఇంట్లో చెప్పలేదు. గూఢచారులు చెప్పరు.

స్టేషన్ దాటి రోడ్డు మలుపు తిరిగేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

ఆఫీసు ముందు వెడల్పాటి మెట్ల మీద లార్స్ ఊడుస్తున్నాడు. ఒంటిమీద కళ్ళు జిగేలుమనిపించే పచ్చ జాకెట్టు, నెత్తిన పొడుగాటి నల్లటోపీ. వెనకాల ఒకడు చేతులు కట్టుకుని కాపలా కాస్తున్నాడు.

ఇక్కడ కాపురమున్నవాళ్ళకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఈ దేశంలో రోడ్డు మీద చెత్త వేసి దొరికినవాళ్ళకి మెరిసే జాకెట్టు తొడిగి, చేతికి చీపురిచ్చి, నలుగురూ చూస్తుండగా వీధి ఊడిపిస్తారు. పరువు గలవాడు ఆ జాకెట్టు వేసుకునేకంటే జరిమానా రెండుసార్లు కట్టుకుంటాడు.

టోపీ ఏమిటో అర్థం కాలేదు. పెద్ద నేరాలకి టోపీ కూడా పెడతారు కాబోలనుకున్నాను. ఇంతలో ఇంకొకడు వచ్చి, ఊడ్చిన చోటే సంచెడు సీసా మూతలు గుమ్మరించాడు. లార్స్ మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాడు. ఓరి దేవుడా, ఇది రెండోసారి దొరికినవాళ్ళకి వేసే శిక్ష అయ్యుంటుంది!

ఫోన్ తీశాను. వదిన నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. దుఃఖంతో అని అప్పుడు అనుకున్నాను, కోరుకున్నది దొరికిన సంబరంతో అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"వదినా, ఈ సంబంధం వద్దు. అబ్బాయి చెత్త వేసి దొరికిపోయాడు. ఆఫీసు మెట్ల మీద ఊడుస్తున్నాడు, నా కళ్ళతో చూస్తున్నాను."

"నీ మాటే ఫైనలన్నాం కదా ప్రసాదూ," అంది వదిన. "వద్దంటే వద్దు. ఆ ముక్క దానికి నువ్వే చెప్పు, నావల్ల కాదు. అది అక్కడికే బయల్దేరుతోంది. నేనూ వస్తున్నా, అక్కడే ఉండు."

నిర్ణయం తీసుకున్నాక నా మనసు వెన్నలా కరిగింది. కాదన్నవాడి మీద జాలిపడటం ఎంత హాయిగా ఉంటుందో! పోనీ ఆ కుర్రాడికి నాలుగు మంచి మాటలు చెబుదామని మెట్లెక్కాను.

"అంకుల్!" లార్స్ మొహం వెలిగిపోయింది. "మీరొస్తారని అనుకోలేదు!"

"ఎందుకు చేశావు బాబూ ఇలాంటి పని?"

"నేనేం చెయ్యలేదంకుల్. చెయ్యనందుకే ఇది."

"అందరూ అలాగే అంటారు. ఎంతసేపు వేశారు శిక్ష?"

"ఒక పెళ్ళికాని అమ్మాయి వచ్చి ముద్దు పెట్టేదాకా."

ఎండదెబ్బ అనుకుని సంచిలోంచి నీళ్ళ సీసా తీశాను. అతను తాగి, మూతి తుడుచుకుని, నిదానంగా చెప్పాడు. బ్రెమెన్‌లో ముప్ఫై నిండినా పెళ్ళికాని మగవాడు పుట్టినరోజున ఆ పొడుగు టోపీ పెట్టుకుని పెద్ద చర్చి మెట్లు ఊడవాలట. స్నేహితులు చెత్త పోస్తూనే ఉంటారట. ఒక అమ్మాయి ముద్దుపెట్టి విడిపించేదాకా చీపురు దించకూడదట. ఇక్కడ ఆ చర్చి లేదు కాబట్టి ఆఫీసువాళ్ళ అనుమతి అడిగి ఈ మెట్లు సంపాదించారు. కాపలావాడనుకున్నది అతని ఊరి స్నేహితుడు. జాకెట్టు మాత్రం శ్రావణి ల్యాబ్ పిల్లలు సరదాకి కలిపిన సింగపూర్ మసాలా.

"అందుకే అడిగానంకుల్, పుట్టినరోజు లోపల వీలవుతుందా అని," అన్నాడు లార్స్. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండేది.

వదినకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఏం చెయ్యాలో తోచక లార్స్ చేతిలో చీపురు లాక్కుని నేను ఊడవడం మొదలుపెట్టాను. ఎందుకని అడక్కండి. ఆ క్షణంలో ఆ మెట్ల మీద శిక్షకి అర్హుడు ఒక్కడే అనిపించింది. మూతలు గుమ్మరించేవాడికి నేనెవరో తెలియదు. నా కాళ్ళ దగ్గర కూడా ఒక సంచి కుమ్మరించాడు.

టాక్సీ ఆగింది. శ్రావణి దిగింది, వెనకాల వదిన. పిల్ల పట్టు పరికిణీ కట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టాక్సీలో వదిన దాచలేకపోయిందన్నమాట.

"బాబాయ్, వాడెందుకు ఊడుస్తున్నాడో తెలుసా? నువ్వు మూఢం అన్నావు. తర్వాత శూన్యమాసం అన్నావు. తర్వాత ఆడిట్! అందుకు లా!"

"తెలిసిందమ్మా. ఇప్పుడే తెలిసింది."

"నాన్న ఉంటే ఇలా చేసేవాడా?"

చీపురు నా చేతిలోనే ఉంది. మూతలు పోసేవాడు కూడా ఆగిపోయాడు. చేసేవాడు కాదు. అన్నయ్య అయితే పెసరట్టు రోజునే లార్స్ భుజం తట్టి ఉండేవాడు. అది నాకూ తెలుసు, పిల్లకీ తెలుసు.

శ్రావణి మెట్లెక్కింది. లార్స్‌కి రెండడుగుల దూరంలో ఆగి నావైపు చూసింది. వదిన కూడా నావైపే చూసింది. ఇంత జరిగినా ఆ పిల్ల నా మాట కోసం ఆగింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్ళు తడుస్తాయి. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. పైగా మా వంశంలో ఆడపిల్లకి, "ఊఁ, కానియ్యమ్మా, ముద్దు పెట్టు," అని చెప్పిన బాబాయి ఎవడూ లేడు.

నేను చీపురు లార్స్ చేతికిచ్చి, వెనక్కి తిరిగి, రోడ్డువైపు మొహం పెట్టి నిలబడ్డాను. వదిన కూడా వచ్చి నా పక్కన అటే తిరిగి నిలబడింది.

వెనకాల చప్పట్లు మోగాయి. చీపురు మెట్ల మీద పడిన చప్పుడు వినిపించింది.

"అయిపోయిందా ప్రసాదూ?" అని వదిన నెమ్మదిగా అడిగింది.

"నేను చూడట్లేదు వదినా."

ఆ సాయంత్రం మా ఇంట్లో కేకు కోశాక, గాడిద దగ్గర ఎందుకు నవ్వావని లార్స్‌ని నిలదీశాను. చాలాసేపు నసిగి చెప్పాడు. దాని ముందుకాళ్ళు రెండు చేతులతోనూ పట్టుకోవాలట. ఒక చేత్తో పట్టుకుంటే, ఒక గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టని ఆ ఊరివాళ్ళు అంటారట. ఎక్కడో సముద్రాల అవతల, నన్ను కళ్ళతో చూడకుండానే, నా గురించి అంత కచ్చితంగా చెప్పిన ఊరిని నేను వేరే చూడలేదు.

మంచి రోజు చూసి పెళ్ళి చేశాం. ఈసారి పంచాంగం రాజ్యం చూసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

కాబట్టి, అన్నయ్య ఫొటో సాక్షిగా, టీవీ పక్కన కొలువున్న ఆ కంచు గాడిద సాక్షిగా, నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ కుర్రాడి గురించీ వాకబు చెయ్యను. చీపురు పట్టుకున్నవాణ్ణి చూసి ఎవరికీ ఫోన్ చెయ్యను. ఇక గాడిద విషయంలో తప్పు అప్పుడే దిద్దుకున్నాను. పీటల మీద రాజ్యం నీళ్ళు పోస్తుంటే శ్రావణి చేతిని లార్స్ చేతిలో పెట్టాను చూశారూ, రెండు చేతులతోనూ పట్టుకుని పెట్టాను.