కింది నుంచి గీసిన సినిమా హాలు

మా అమ్మమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే కళ్ళజోడుకు అక్కడ చోటు చాలదు, జారిపోతూ ఉంటుంది. పాత సినిమా హాల్లో బాల్కనీ టికెట్లు అమ్మి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ చిన్న కిటికీలోంచి జనం చేతులే చూసింది గానీ, హాలును తలెత్తి చూసింది లేదట. ఆ కసి తీర్చుకోవడానికే కాబోలు, రిటైరయ్యాక వీధుల్లో మడత కుర్చీ వేసుకుని కూర్చుని, ఊళ్ళో కట్టడాలన్నీ ఇంకుతో గీసి, నీటి రంగులు అద్దడం మొదలుపెట్టింది. కళ్ళెదుట లేనిది ఒక్క గీత కూడా గీయదు. ఫొటో చూసి గీయమంటే, "ఎంగిలి కూడు నాకొద్దు" అంటుంది. ఏడో తరగతిలోనే చదువుకు దండం పెట్టిన నాకు ఆ పంతం భలే నచ్చేది.

తన హాలును మాత్రం వాయిదా వేస్తూ వచ్చింది. "చెయ్యి ఇంకా కుదరాలిరా" అనేది. చెయ్యి కుదిరేలోపు హాలు అమ్ముడుపోయింది. కూల్చేస్తున్నారని తెలిసి, పొద్దున్నే వెళ్ళి ఎదురు అరుగు మీద కూర్చున్నాం. నేల మట్టమయ్యేలోపు హాలంతా కాగితం మీదికి ఎక్కాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. అమ్మమ్మ ఏ కట్టడాన్నైనా మెట్ల దగ్గర మొదలుపెట్టి పైకి గీస్తుంది. కూల్చేవాళ్ళేమో పైనుంచి మొదలుపెట్టారు.

"అమ్మమ్మా, ముందు గుమ్మటం గీసెయ్, పోతోంది!"

"నోర్ముయ్. ఇల్లు పునాది నుంచి కడతారా, కప్పు నుంచా? గుమ్మటాన్ని గాల్లో వేలాడదీయమంటావా?"

మెట్లు అయ్యాయి. టికెట్ల కిటికీ దగ్గర ఒక్కో ఊచనూ బతిమాలి నిలబెట్టినట్టు గీసింది. తలెత్తేసరికి గుమ్మటం లేదు. దుమ్ము మాత్రం ఉంది.

"ఫోన్లో తీసి ఉంచాను. ఇదిగో, చూసి..."

"ఆ ఫోను తీసుకెళ్ళి కాలవలో పారెయ్!"

పళ్ళు నూరుతూ మళ్ళీ పెన్ను పట్టింది. సగం విరిగిన గోడ, దాని మీద సమ్మెట ఎత్తిన మేస్త్రీ, కిందికి రాలుతున్న ఇటుకలు, ఉన్నవి ఉన్నట్టు గీసేసింది. వెంటనే కుంచె ముంచి ఎర్ర రంగు లాగింది. పచ్చి ఇంకు చెదిరి గోడంతా నల్లగా కారింది.

"కాస్త ఆరనీ అమ్మమ్మా!"

"వాళ్ళు నన్ను ఆగనిచ్చారా?"

టీ తాగడానికి దిగిన మేస్త్రీ మా వెనక నిలబడి చూశాడు.

"ఏంటమ్మా, నన్ను కూడా వేశారే! మీసం ఇంకాస్త ఒత్తుగా ఉండాల్సింది" అని మురిసిపోయాడు.

"ఒత్తుగానే వేస్తాలే. రేపు చూసినవాళ్ళు గుర్తుపట్టాలిగా, కూల్చిందెవరో."

మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. "నాదేముందమ్మా? కూల్చమన్నవాడు వేరే."

"అయితే వాణ్ణి కూడా పిలుచుకురా" అంటూ అమ్మమ్మ కుంచెతో కాగితం పైభాగం చూపించింది. "పైన బోలెడు ఖాళీ ఉంది."