గాజులు తొడగని చిచ్చా

మొన్న శుక్రవారం పొద్దున మా గాజుల చిచ్చా చనిపోయాడు. పటాన్‌చెరులో మా గల్లీ చివరి గదిలో ఒంటరిగా ఉండేవాడు, ఒంటరిగానే పోయాడు. నమాజుకు రాలేదేమని చూడబోయినవాళ్లు కబురు తెచ్చారు.

గాజులమ్మేవాళ్లు చేయి పట్టి, కణుపులు నొక్కి, నొప్పి తెలియకుండా గాజులెక్కిస్తారు. చిచ్చా అలా కాదు. మా అరుగు మీద బట్ట పరిచి, గాజులు పెట్టి, దూరం జరిగి కూర్చునేవాడు. "మీరే ఏసుకోండ్రి బిడ్డా, పగిలితే నా జిమ్మ, పైసలియ్యొద్దు" అనేవాడు. మంచినీళ్లకు గ్లాసు ఇచ్చినా దోసిలే పట్టేవాడు. చిచ్చాకు మాకంటే ఎక్కువ మడి అని వేళాకోళమాడేవాళ్లం.

ఈ రంగు నప్పిందా అని ఎవరడిగినా ఆయన తల ఔనన్నట్టు ఊగేది. అందుకే ఆయన గాజులంటే అందరికీ ముద్దు. ఎవరూ అడగనప్పుడూ ఆ తల అలాగే ఊగుతుందని ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన చలికాలం ఆయాసంతో మా అరుగు మీదే కూలబడ్డాడు. మావారు బస్సులో సంగారెడ్డి దవాఖానాకు తీసుకెళ్లారు. ఫౌజులో ఉన్న రోజుల్లో తెచ్చుకున్న గర్మీ రోగమట, జనం సుఖవ్యాధి అంటారే, అది. రోగం పేరు రాయొద్దన్నారు ఇంట్లో. రాయకపోతే ఆయన దూరం ఎందుకో మీకెలా తెలుస్తుంది? పుండ్లు ఎప్పుడో మానాయి గానీ, రోగం లోలోపల గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని పాడుచేసింది. గుండె తోసిన నెత్తురు వెనక్కి జారుతోంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ తల ఊగుతోంది. సూదులు వేసినా అది ఇక బాగుపడదన్నారు డాక్టరు.

చిచ్చా తన ప్రాణం సంగతి అడగలేదట. "నేను ముట్టుకుంటే ఎవలకన్న అంటుతదా సాబ్?" అన్నాడట.

"ఇన్నేండ్ల తర్వాత అంటదు. చెయ్యి పట్టుకుంటే అసలే అంటదు."

అది విని అక్కడే ఏడ్చాడని మావారు చెప్పారు. ఆ భయంతోనే ఆయన పెళ్లి చేసుకోలేదు, ఎవరి పిల్లనూ ఎత్తుకోలేదు.

తిరిగొచ్చాక ఒకరోజు నేను చేయి చాపాను. "నువ్వే తొడుగు చిచ్చా."

"జెర ఆగు బిడ్డా" అని తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, నా వేళ్లు పట్టుకున్నాడు. ఒక్క గాజూ పగల్లేదు. "ఇగ అందరికీ నేనే తొడుగుత" అన్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు.

కానీ మళ్లీ గాజుల పెట్టె ఎత్తే బలం ఆయనకు రానే లేదు. గల్లీలో ఆయన తొడిగిన చేయి నాదొక్కటే.

శుక్రవారం ముఖం చూడ్డానికి వెళ్లాను. బట్ట తొలగించారు. అలవాటు కొద్దీ ఆయన తొడిగిన ఆకుపచ్చ గాజుల చేయి చూపించి, "నప్పినయా చిచ్చా?" అన్నాను.

ఆ తల ఊగలేదు.