అవ్వ పేరు మీద వచ్చిన ట్యాంకరు

రెండు వేసవుల కిందటి మాట. అప్పుడు నేను అనంతపురంలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. మిద్దె మీద రెండు గదులు, ఒక కూలరు, నలుగురు మనుషులు. ముగ్గురు ప్రోగ్రాములు రాసేవాళ్లు. వాళ్లు రాసింది సరిగ్గా పనిచేస్తోందా లేదా అని పరీక్షించడం నా పని. మాలో అందరికంటే పెద్దాయన్ని అన్నా అని పిలిచేవాళ్లం. ఆఫీసు ఆయనదే. నేను పామిడి నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని.

ఆ ఏడాది మేం నీళ్ల ట్యాంకర్ల కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాం. గుత్తిలో ఒక సేవా సంస్థ ఉండేది. వేసవిలో బోర్లు ఎండిపోయిన ఊళ్లకు అది ఊరికే నీళ్లు తోలేది. అంతకుముందు ఊరివాళ్లు ఫోన్ చేస్తే, ఆ ఆఫీసులో ఉండే మేడం పుస్తకంలో రాసుకుని, డ్రైవర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేది. మా అప్లికేషన్ వచ్చాక ఆ అవసరం తప్పింది. ఊళ్లో ఎవరైనా ఫోన్‌లో పేరు, ఊరు, నీళ్లు దించాల్సిన చోటు నింపి పంపితే చాలు, దగ్గర్లో ఉన్న డ్రైవరుకు ఆర్డరు నంబరుతో మెసేజ్ పోయేది.

మొదట్లో పరీక్షలన్నీ నేను చేత్తోనే చేసేదాన్ని. వాళ్లు ఎక్కడో ఒక వరుస మార్చినా నేను అన్ని పేజీలూ మళ్లీ మొదటి నుంచి తెరవాలి, అదే ఫారం నింపాలి, అదే బటన్ నొక్కాలి. సాయంత్రానికి నేనేం పరీక్షించానో నాకే గుర్తుండేది కాదు. ఒకరోజు అన్న నన్ను పిలిచి, ఈ పరీక్షలన్నీ వాటంతట అవే నడిచేలా అమర్చమన్నాడు.

దానికి రెండు వారాలు పట్టింది. మొదటిసారి అది నడిచినప్పుడు నేను చేతులు కట్టుకుని కూర్చుని చూశాను. బ్రౌజరు దానంతట అదే తెరుచుకుంది. పేరు గడిలో అక్షరాలు వాటంతట అవే పడ్డాయి. ఊరు ఎంచుకుంది, పంపింది, ఆర్డరు నంబరు వచ్చిందో లేదో చూసుకుంది. ముచ్చటేసింది. తర్వాతి రోజుల్లో చాలాసార్లు మధ్యలో ఆగిపోయింది కూడా. మా ఆఫీసులో నెట్ నిదానం. పేజీ తెరుచుకునేలోగానే పరీక్ష తొందరపడి తప్పని చెప్పేది. ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగాలో ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోయాను.

పరీక్షకు ఒక పేరు కావాలి. బతికున్న వాళ్ల పేరు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మా అమ్మ వాళ్లమ్మ పేరు పెట్టాను. అవ్వ పోయి అప్పటికి పదేళ్లు. ఊరి చోట, యాడికి అనే ఊరి దగ్గర ఆమె ఉండిన కాలనీ పేరు పెట్టాను, అది జాబితాలో ఎట్లాగూ ఉంది. ఫోన్ నంబరు చోట అన్నీ తొమ్మిదులు. ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను.

ఇంకొకటి కూడా చేశాను. పరీక్ష కోసం పుట్టిన ఆర్డర్లు జాబితాలో చెత్తలాగా పేరుకుపోకుండా, పరీక్ష ముగియగానే వాటిని చెరిపేసే ఏర్పాటు. అన్న అది చూసి బాగుందన్నాడు.

ఈ పరీక్షలన్నీ అసలు సైటు మీద కాదు, దానికి మేం ఉంచుకున్న నకలు మీద నడవాలి. నకలులో ఎన్ని ఆర్డర్లు పెట్టినా ఏ డ్రైవరుకూ మెసేజ్ పోదు. ఏ సైటు మీద నడవాలో చెప్పే చిరునామా ఒక ఫైల్లో ఒకే ఒక వరుసలో ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం నకలు పనిచేయలేదు. అసలు సైటు అయినా తెరుచుకుంటోందా అని చూడటానికి ఆ వరుసలో అసలు చిరునామా పెట్టాను. తెరుచుకుంది. ఇంతలో బస్సుకు టైమయింది. వరుసను తిరిగి మార్చకుండానే లేచి వచ్చేశాను.

పరీక్షలు రోజూ పొద్దున ఆరింటికి వాటంతట అవే నడిచేలా పెట్టి ఉన్నాను. మర్నాడు ఆఫీసుకు వచ్చి చూస్తే అన్నీ పాసయ్యాయని ఉంది. చిరునామా చూస్తే ఇంకా అసలు సైటుదే ఉంది. వెంటనే మార్చి, అసలు సైటు తెరిచి ఆర్డర్ల జాబితా చూశాను. అవ్వ పేరు లేదు. చెరిపేసే ఏర్పాటు తన పని చేసిందన్నమాట. ఊపిరి పీల్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆర్డరు చెరిగిపోయే లోపల మెసేజ్ పోయి ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదో, రానివ్వలేదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

నాలుగు రోజుల తర్వాత గుత్తి మేడం అన్నకు ఫోన్ చేసింది. అన్న స్పీకరు పెట్టాడు, అందరం విన్నాం. గుత్తికి దగ్గర్లోని ఒక ఊరివాళ్లు ఫిర్యాదు చేశారట. ఆర్డరు పెట్టి పొద్దున నుంచి సాయంత్రం దాకా చూస్తే ట్యాంకరు రాలేదని, గొర్రెలకు కూడా నీళ్లు లేకుండా పోయాయని. ఆరా తీస్తే, వాళ్ల ఊరికి పోవాల్సిన డ్రైవరు ట్యాంకరును యాడికి వైపు తోలుకుని పోయి ఒక కాలనీలో నీళ్లు పోసి వచ్చినాడని తెలిసింది. అడిగితే మెసేజ్ చూపించినాడు. కంప్యూటర్లో చూస్తే ఆ నంబరుతో ఆర్డరే లేదు. ఆ పేరు గల మనిషి పదేళ్ల కిందటే చనిపోయింది. తన వాళ్లెవరికో నీళ్లు పోయడానికి చచ్చినామె పేరు వాడుకున్నాడని సంస్థ పెద్దలు ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఇట్లా దొంగ మెసేజ్‌లు ఎవరైనా తయారుచెయ్యొచ్చా, దాన్ని ఆపే దారేమైనా ఉందా అని అడగడానికి మేడం ఫోన్ చేసింది.

చనిపోయినామె పేరు మేడం పలికింది. మా అవ్వ పేరు ఇంకొకరి నోట వినడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే.

అన్న చూసి చెప్తానని ఫోన్ పెట్టేశాడు. నావైపు కూడా చూశాడు, పరీక్షల్లో ఇట్లాంటిదేమైనా కనిపించిందా అని. చూస్తానన్నాను. అంతే అన్నాను. ఆ రోజంతా నా స్క్రీన్ మీద ఏముందో నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికి పోతే అమ్మ వంకాయలు తరుగుతోంది. యాడికి వైపు నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసిందని, ఒక వింత జరిగిందని మొదలుపెట్టింది. కాలనీలో బోరు శివరాత్రి నుంచే ఎండిపోయిందట. ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి తోట బావి నుంచి నీళ్లు తెచ్చుకుంటున్నారట. ఉన్నట్టుండి ఒక ట్యాంకరు వచ్చి, దాని డ్రైవరు అవ్వ పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగినాడట. అమ్మ ముఖంలో సంతోషం కనపడింది.

"సచ్చిపోయినంక గూడా కాలనీకి నీళ్లు తోలిచ్చింది చూడు మాయమ్మ" అనింది.

నేను స్నానానికని లేచి పోయి, గదిలో ఊరికే నిలబడ్డాను. ఒక మనిషి కూడు పోయిందన్న సంగతి అప్పటిదాకా మాటగానే ఉంది. అమ్మ సంతోషం చూశాక అది మాటగా మిగల్లేదు.

మర్నాడు అనంతపురం బస్సు ఎక్కలేదు. రోడ్డు అవతలికి పోయి గుత్తి బస్సు ఎక్కాను. అన్నకు విషయమంతా మెసేజ్ రాసి, ఫోన్ సైలెంటులో పెట్టాను.

గుత్తి మేడం యాభై దాటిన మనిషి. నేను చెప్పింది ఆమెకు మొదట అర్థం కాలేదు. నేను ఆ డ్రైవరును వెనకేసుకొస్తున్నానని అనుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. సైటులో ఆర్డరు చెరిగిపోయినా, పరీక్ష తాను ఏమేం చేసిందో రాసుకునే చిట్టా నా దగ్గర ఉంది. పొద్దున ఆరు గంటల రెండు నిమిషాలకు ఆర్డరు పెట్టింది, ఇదీ నంబరు. ఆరు గంటల మూడు నిమిషాలకు చెరిపేసింది. డ్రైవరు చూపించిన మెసేజ్‌ను మేడం అప్పుడే ఫోటో తీసి పెట్టుకుని ఉంది. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూసింది. కళ్లద్దాలు తీసి మళ్లీ చూసింది. తర్వాత ఆ డ్రైవరుకు ఫోన్ చేసింది.

ఆయన అప్పటికే తాడిపత్రి వైపు ఒక బండల గనిలో ట్రాక్టరుకు కుదిరినాడట. మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా నిండా తెల్లటి బండ దుమ్ము. మేడం చెప్పాలని చూసింది. నేనే చెప్తానని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కుర్చీ ఉన్నా ఆయన నిలబడే విన్నాడు.

విన్నాక తన సంగతి చెప్పాడు. "నేను ఆడికి పోయి పేరు చెప్పి అడిగినా. ఆయమ్మ సచ్చి పదేండ్లాయ అన్నారు. నంబరుకు ఫోన్ చేస్తే పోలేదు. అప్పటికే బిందెలు తెచ్చి వరసగా పెట్టినారు. తిప్పుకుని పోదామంటే నాకు మనసు రాలా. అది నేను చేసిందే, కాదనను. కానీ మెసేజ్ నాకు వచ్చింది గదా. చూపిస్తే, కంప్యూటర్లో లేదు, కంప్యూటరు అబద్ధం చెప్పదు అన్నారు."

"అది అబద్ధం చెప్పలేదన్నా. చెరిపేయమని నేనే రాసిపెట్టినా" అన్నాను.

ఆయన నా ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చూపించాడు.

"అయితే చెరపొద్దని రాయమ్మా" అన్నాడు.

క్షమించమని అడిగాను. పెద్దలతో తను మాట్లాడతానని, తిరిగి పనిలోకి రమ్మని మేడం ఆయనతో అనింది. ఆయన గనిలో లెక్క తేల్చుకుని వారంలో వస్తానని మేడంతో అని వెళ్లిపోయాడు.

మేడం దగ్గర ఆ రోజు ట్యాంకరు రాని ఊరి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఎత్తినాయన గొర్రెలు తోలుకుంటూ ఉన్నట్టున్నాడు. తప్పు నాదని చెప్పబోతే, రెండో రోజు నీళ్లు వచ్చినాయిలేమ్మా అని పెట్టేశాడు.

అన్న కోపం చేసుకున్నాడు. తప్పు చేసినందుకు కాదు, ముందు తనతో మాట్లాడకుండా గుత్తికి పోయినందుకు. సర్వరులో ఏదో తేడా వచ్చిందని చెప్పి సర్దుకుని ఉండొచ్చు గదా అన్నాడు. అట్లా చెబితే డ్రైవరు సంగతేమని అడిగాను. కాసేపటికి సంస్థకు ఉత్తరం తనే రాశాడు, నా పేరు లేకుండా, మా ఆఫీసు తప్పని.

తర్వాత ఆ పని చాలా భాగం తిరగరాశాను. ఇప్పుడు మొట్టమొదటి పరీక్ష చిరునామాను చూస్తుంది. అది అసలు సైటుదైతే మిగతావేవీ నడవకుండా అక్కడే ఆగిపోతుంది. అసలు సైటులో ఏ ఆర్డరునూ ఎవరూ చెరపలేరు. రద్దయితే రద్దు అని, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది పక్కనే ఉండిపోతుంది. ఇది డ్రైవరు చెప్పిందే. మా నలుగురిలో ఎవరికీ ముందు తట్టలేదు.

కాలనీ విషయం కూడా ఆయన వల్లే బయటికి వచ్చింది. తిరిగి పనిలో చేరిన రోజే అక్కడి బోరు సంగతి మేడంకు చెప్పాడు. మరి ఇన్నాళ్లూ ఆర్డరు ఎందుకు పెట్టలేదని ఆమె కనుక్కుంటే, ఫోన్‌లో ఫారం నింపగలిగిన వాళ్లు పగలు ఆ కాలనీలో ఎవరూ ఉండరని తేలింది. మా అప్లికేషన్ వచ్చాక ఫోన్ చేసి చెప్పే పద్ధతి ఆపేశారు. దాంతో అట్లాంటి ఊళ్లు జాబితాలోనే లేకుండా పోయాయి. మేం పెట్టిన పరీక్షలన్నీ ఫారం నింపేవాళ్ల కోసమే. నింపలేనివాళ్లు మా లెక్కలో ఎప్పుడూ లేరు. మేడం పాత పుస్తకాన్ని మళ్లీ బల్ల మీదికి తెచ్చింది. ఫోన్‌లో చెప్పింది అందులో రాసుకుని, తనే కంప్యూటర్లోకి ఎక్కించేది. ఆ వేసవంతా కాలనీకి రెండు రోజులకొక ట్యాంకరు పోయింది.

అమ్మకు నిజం చెప్పడానికి నెల పట్టింది. విని, మరి నీకు ఆ పేరు పెట్టాలని ఎందుకు తోచిందో అనింది. చిన్నమ్మకు మాత్రం ఆమె ఈరోజు వరకూ చెప్పలేదు.

డ్రైవరు ఇప్పటికీ ఆ సంస్థలోనే ఉన్నాడు. మెసేజ్ ఒక్కటే వస్తే బండి తీయడు, మేడం నోటితో చెప్పాలి. ఆఫీసు పని మీద నేను గుత్తికి పోయినప్పుడు ఎదురుపడితే తలూపుతాడు, మాట్లాడడు. నేను పలకరించి ఊరుకుంటాను.