అత్త రక్తానికి నోరెక్కువ

క్యాసంబళ్ళి మేనత్త గతవారం కన్నుమూసింది. ఇన్నేళ్ళుగా ఆస్తమా గుమ్మంలో కాచుకుని ఉండగా, మధ్యాహ్నం సంగటి తిని పడుకున్న మనిషిని గుండెపోటు వచ్చి తీసుకుపోయింది. ఆస్తమాకు ఇంతకన్నా అవమానం ఉండదు.

పట్టుపురుగులు పెంచే అత్తకు లోకమంతా అవే. పురుగు పొర విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. ఒకసారి ఆయాసంతో ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. "జ్వరం ఉందామ్మా?" అన్నాడు డాక్టరు. "మూడోది దాటింది సార్. నాలుగోది ఎల్లుండి," అంది. ఆయన మలేరియా పరీక్ష రాశాడు.

ఆ ఆయాసం చూసి పురుగుల షెడ్డు మూసేస్తానని ఆమె కొడుకు, అంటే మా బావ, పట్టుబట్టిన రోజుల్లోనే నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆమె రక్తం అడిగాను. ఆస్తమా ఉన్నవాళ్ళ రక్తకణాల్లో కబురు ఎలా నడుస్తుందన్నది నా విషయం. పట్టుగూళ్ళ దుమ్ము తగలగానే కణం పైనుంచి లోపలికి కబురు పోతుందనీ, దాన్ని లోపలి ప్రొటీన్లు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయనీ, చివరికి కణం తన సంచులు విప్పి రసాయనం కక్కితే ఊపిరి బిగుస్తుందనీ వివరించాను.

"అంటే చాడీలు," అంది అత్త. "తీసుకో. అది ఏం చెప్పినా మీ బావ చెవిన పడకూడదప్పా. షెడ్డుకి బీగం ఏస్తాడు."

ల్యాబులో రంగు కలిపిన ఆమె కణాలు దుమ్ము తగలగానే వెలిగిపోయాయి. పోల్చడానికి, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుడిగా నా రక్తమే పెట్టాను. అది ఇంకా ఎక్కువ వెలిగింది. సెలవులన్నీ ఆ షెడ్డులో గడిపిన పుణ్యం. మా గైడు నన్ను ఆరోగ్యవంతుల జాబితాలోంచి కొట్టేశారు.

"నా రక్తానికే నోరెక్కువ అనుకుంటి. నీది మైకు పెట్టుకోనుండాదే!" అని అత్త దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇంగ మూసేయాల్నా?"

"లోపలికి పోవద్దత్తా" అన్నాను.

ఆ సాయంత్రం పరీక్ష సంగతి కొడుక్కి తనే చెప్పింది. చెప్పి, షెడ్డు గడప బయట, గాలికి ఎదురుగా కుర్చీ వేయించుకుంది. ఇకపై లోపల పని బావది, నోరు ఆమెది. "ఆకు పల్చగా ఎయ్‌రా! పురుగులకి దుప్పటి కప్పుతాండావా?"

గతవారం ఆ చావింట్లో పొయ్యి వెలగలేదు. పురుగులకు ఆ సంగతి తెలియదు కదా. బావ శవం దగ్గర కూర్చుని ఉంటే, నేనే ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఆకుబుట్టతో లోపలికి వెళ్ళాను. రెండు తట్టలు దాటేసరికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళనిండా నీళ్ళు.

"పాపం, మేనల్లుడు ఎట్ల ఏడస్తాండాడో చూడమ్మా," అంటోంది బయట ఎవరో.

నేను మిగతా తట్టలకు ఆకు వేసుకుంటూ పోయాను. పల్చగానే వేశాను. పురుగులు తల ఎత్తకుండా తింటున్నాయి.