కండె మార్చేంతలో

నగరిలో మురుగేష్ ఇళ్ల లోపలి ఫోటోలు తీస్తాడు. రెండేళ్ల కిందటిదాకా మరమగ్గం నడిపినవాడే. ఆ రోజు ఒక కొత్త ఇంటి హాలు తీయాలి. తీయించేది తిరుపతిలో ఇళ్ల డిజైన్లు చేసే పద్మాక్షి. రెండుసార్లు పంపినవి మసకగా ఉన్నాయంది; ఈసారీ అంతే అయితే వేరేవాళ్లను చూసుకుంటానంది.

తప్పు చేతిది కాదు, నేలది. పక్కింట్లో ధనుంజయ మరమగ్గం ఆడుతుంటే కెమెరా స్టాండు కాళ్లు వణుకుతాయి. ఫ్లాష్ వేస్తే గోడ మీది మెత్తటి వెలుగు చచ్చిపోతుంది. వేయకపోతే షట్టరు రెండు సెకన్లు తెరిచి ఉంచాలి; ఆ వణుకుకు ఫోటో చెదిరిపోతుంది. పైకప్పు అద్దంలోంచి దిగే ఎండ ఇంకో పావుగంటే ఉంటుంది.

పక్కింటికి పరుగెత్తాడు. "అన్నా, ఒక పావుగంట మగ్గం ఆపుతావా?"

"అంతసేపు ఆపితే బట్ట మీద గీత పడతాది. నీ పటానికి నా చీర చెడగొట్టుకునేదా? మగ్గం అమ్మేసినాక అది గూడా మరిచిపోతివా?"

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నాకే గుర్తొచ్చింది: అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోతే, కొత్తది పెట్టేదాకా ఎవరి మగ్గమైనా కొన్ని క్షణాలు ఆగాల్సిందే.

"అయితే కండె మార్చేటప్పుడు ఒక కేక వెయ్యి, చాలు."

"దానికేముండాది? పో!"

స్తంభాలు ఒరిగినట్టు పడకుండా కెమెరాను మట్టంగా నిలిపి కాచుకున్నాడు. మొదటి కేకకు తడబడ్డాడు. రెండో కేకకు నేల కుదురుకోగానే నొక్కాడు. గోడలో ఇటుకల సందులు కూడా తేటగా పడ్డాయి.

సాయంత్రం పద్మాక్షి మెసేజ్ పెట్టింది: "చాలా బాగుంది. ఎంత ప్రశాంతమైన ఇల్లండీ!"

మురుగేష్ థాంక్స్ అని మాత్రం రాశాడు.