చల్లని నది మీద తగువు

గ్రీసులోని కవాలా ఓడరేవుకి ఎగువన, పొగాకు గోదాముల సందులో, మా పై అంతస్తులో ఉండేవారు అనెస్తిస్ మాస్టారూ, ఆయన భార్య పొలిక్సేని మేడమూ. ఇద్దరూ బడిలో ప్రాచీన గ్రీకు చెప్పి రిటైరైనవాళ్ళే. మాస్టారు నాకూ చెప్పారు. గిన్నెల కోసం, చుట్టాల కోసం పోట్లాడుకునే కాపురాలు మా వీధిలో చాలా ఉన్నాయి. మాటల వరస కోసం పోట్లాడుకునేది మాత్రం వీళ్ళొక్కరే.

పాత వచనంలోంచి ఒక వాక్యం తీసుకుని, మాటకో చీటీ రాసి, భోజనాల బల్ల మీద పరిచేవారు. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా ఒక్కో చీటీ మీద ఒక్కో చిక్కుడు గింజ. ఆయన ఒక చీటీ ముందుకి జరిపితే ఆవిడ వెనక్కి జరిపేవారు. జరిపినవాళ్ళు అర్థంలో ఏం మారిందో చెప్పాలి. ఇదంతా ఇద్దరూ కలిసి బడిపిల్లలకి రాస్తున్న వ్యాకరణ పుస్తకం కోసమే. ఒకరు ఓడిపోయి "సరే, నీదే" అంటేగాని అందులోకి ఒక్క వివరణ కూడా ఎక్కేది కాదు.

విశేషణాల మీద రాయాల్సిన చివరి అధ్యాయం దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయారు. సైనికులు నది దాటే వాక్యం ఒకటుంది. అందులో "చల్లని" అన్న మాట మొదట్లోనే వస్తుంది. "నది" ఎక్కడో చివర.

"వాళ్ళ కాళ్ళకి ముందు తగిలింది చలే. నది సంగతి తరవాత. అందుకే రచయిత ఆ మాట ముందు పెట్టాడు," అనేవారు మాస్టారు.

"నీ మొహం! చెవికి ఇంపుగా ఉందని పెట్టాడు. ప్రతి చీటీ కిందా నిధి ఉంటుందా?"

"చెవుల్లో దూది కుక్కుకున్నదానివి, ఇంపు గురించి నీకేం తెలుసు పంతులమ్మా!"

ఆ కేకలు వింటూనే కింద నేను పత్రికకి వార్తలు రాసుకునేవాణ్ణి.

పోయిన చలికాలం మాస్టారు చేపల బజారుకి వెళ్ళి ఇంటిదారి మరిచిపోయారు. నేనే వెంటబెట్టుకొచ్చాను. మతిమరుపు జబ్బు, ఇక ముదరడమే తప్ప తగ్గడం ఉండదని డాక్టరు తేల్చేసింది. పైనుంచి కేకలు ఆగిపోయాయి.

ఒక ఆదివారం మేడమ్ నన్ను పిలిచారు. "ఇవాళ కాస్త తేటగా ఉన్నాడు. శిష్యుడి ఎదురుగా అయితే రోషం వస్తుందేమో, రా."

చీటీలు పరిచారు. "ఇది చెవి కోసమే అంటాను. నువ్వేమంటావు?"

మాస్టారు చీటీలకేసి చూసి నవ్వారు. "సరే, నీదే."

మేడమ్ "చల్లని" చీటీ తీసి వాక్యం చివర, నది వెనక పడేశారు. బళ్ళో నేనలా రాసినందుకే ఆయన నా పేపరు అందరి ముందూ చించేశారు.

"ఇప్పుడు?"

"బాగుంది."

"బాగుందా? వాక్యం చచ్చిపోయింది కదయ్యా! తిట్టు!"

"మిమ్మల్నెందుకు తిడతాను?" అన్నారు మాస్టారు, బస్సులో పక్క సీటావిడతో మాట్లాడినట్టు మర్యాదగా.

మేడమ్ పట్టు వదల్లేదు. ఆయన వాదన తనే ఎత్తుకున్నారు. కాళ్ళు, చలి, ఆ తరవాతే నది అంటూ ఆయన చేతులు తిప్పినట్టే తిప్పుతూ చెప్పారు. మాస్టారు శ్రద్ధగా విని, "అదీ బాగుంది," అన్నారు.

వారం తరవాత థెసలోనికీ నుంచి ప్రచురణకర్త ఫోన్ చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మేడమ్ స్పీకరు పెట్టారు.

"ఆ అధ్యాయం మీరొక్కరే రాసేయండి మేడమ్. ఇద్దరి పేర్లూ వేస్తాం."

"ఆయన ఒప్పుకోలేదు."

"సరే అన్నారని మీరే చెప్పారుగా?"

"అది ఒప్పుకోవడం కాదు. అధ్యాయం లేకుండానే వేసుకోండి!" గొంతు పెంచి ఫోన్ పెట్టేశారు.

ఆ అరుపుకి మాస్టారు బాల్కనీలోంచి లోపలికి వచ్చారు.

"ఎవరితోనమ్మా పోట్లాట?"

"ఎవరితోనూ కాదు."

"గొడవెందుకు? సరే అనేస్తే పోయేదానికి."

మేడమ్ ఆయన చొక్కా బొత్తాం సరిగ్గా పెట్టి, మొహం పక్కకి తిప్పుకున్నారు.